ఈజీఎఫ్‌ఆర్ పరీక్ష ఫలితం రాకముందే మాత్ర మొదలుపెట్టవచ్చా? ఊపిరితిత్తుల క్యాన్సర్ గురించి ఒక ప్రశ్న

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్ అధ్యాపకుడు

అందరికీ నమస్కారం. మా అమ్మగారికి 61 ఏళ్లు. ఎన్నడూ పొగ తాగలేదు. నల్లగొండ జిల్లాలోని మా ఊళ్లో చాలా ఏళ్లు కట్టెల పొయ్యి మీద వంట చేశారు. తగ్గని దగ్గు కోసం మొదట చూపించిన చోట ఎక్స్‌రేలో మచ్చ ఉందని, కఫం పరీక్షలో ఏమీ తేలకపోయినా, క్షయ మందులు మొదలుపెట్టారు. ఆయాసం పెరిగి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిన తర్వాత హైదరాబాద్‌లోని మరొక ఆసుపత్రిలో స్కాన్, బయాప్సీ చేయించగా అది అడినోకార్సినోమా అనే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ అని, నాలుగో దశలో ఉందని చెప్పారు. నీరు తీశాక ఇప్పుడు కొంత తేలికగా ఉన్నారు, నడవగలుగుతున్నారు, అన్నం తింటున్నారు.

క్యాన్సర్ వైద్యురాలు బయాప్సీ ముక్కను ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే వంటి జన్యు మార్పుల పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా ఏ మందూ మొదలుపెట్టవద్దన్నారు. మా బంధువులలో కొందరు గెఫిటినిబ్ అనే మాత్ర షాపులో దొరుకుతుందని, దానికి ఇంత ఆలస్యం ఎందుకని, ఇంకొందరు వెంటనే కీమో ఎక్కించమని ఒత్తిడి చేస్తున్నారు. కొంత చదివాక నా కలవరం ఇంకా పెరిగింది, ఎందుకంటే ఇదే మాత్రకు అమెరికాలో ఒకసారి ఆమోదం ఇచ్చి, తర్వాత దాదాపు వెనక్కి తీసుకొని, మళ్లీ ఇచ్చారని తెలిసింది. తాత్కాలిక సాక్ష్యంతో ఆమోదం పొందిన మందును ఎంతవరకు నమ్మవచ్చు? పరీక్ష కోసం ఆగడం నిజంగా అవసరమా? క్షయ మందులు ఇంకా వాడుతూనే ఉన్నారు, వాటి సంగతి ఏమిటి? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: తార్నాక, విశ్రాంత ఔషధ రసాయన శాస్త్రవేత్త

అమ్మగారు కొంత తేరుకున్నారని చదివి సంతోషం కలిగింది. చికిత్స నిర్ణయం మీ వైద్యురాలిది. ఆ మాత్ర ఎలా పుట్టిందో, ఆమోదం ఎందుకు వచ్చి పోయి మళ్లీ వచ్చిందో నేను చెప్పగలను, ఎందుకంటే నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఇటువంటి అణువుల మధ్యనే గడిచింది. పరీక్ష కోసం ఎందుకు ఆగాలన్న ప్రశ్నకు జవాబు కూడా ఆ చరిత్రలోనే ఉంది.

మన కణాల ఉపరితలం మీద ఈజీఎఫ్‌ఆర్ అనే ప్రోటీన్ ఉంటుంది. వృద్ధి కారకం బయటి నుంచి వచ్చి దానికి అంటుకున్నప్పుడు, దాని లోపలి భాగం కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేట్‌ను తీసుకొని కణానికి విభజన చెందమనే సంకేతాన్ని పంపుతుంది. (ఆ వృద్ధి కారకాన్ని కనుగొన్న స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ బహుమతి వచ్చింది.) కొందరి కణితిలో ఈ ప్రోటీన్ జన్యువులో ఒక చిన్న ముక్క లోపించడం వల్లనో, ఒక్క అక్షరం మారడం వల్లనో, బయటి నుంచి ఏ కారకమూ రాకపోయినా సంకేతం ఆగకుండా వెళ్తూనే ఉంటుంది, స్టార్టర్ ఇరుక్కుపోయి ఎవరూ నొక్కకుండానే తిరుగుతున్న బావి మోటారు వంటి స్థితి అది. అటువంటి కణితి తన మనుగడ కోసం ఆ ఒక్క సంకేతం మీదే ఆధారపడుతుంది కనుక, దాన్ని ఆపితే కణితి కుంచించుకుపోతుంది.

గెఫిటినిబ్ క్వినజోలిన్ చట్రం మీద కట్టిన చిన్న అణువు. ఏటీపీ వచ్చి కూర్చునే చోటును అది ఆక్రమిస్తుంది. అణువు చిన్నది కావడం వల్లనే పేగు నుంచి రక్తంలోకి, రక్తం నుంచి కణంలోకి వెళ్లగలుగుతుంది, అందుకే రోజుకు ఒక 250 మిల్లీగ్రాముల మాత్రగా ఇవ్వడం సాధ్యమైంది. యాంటీబాడీ మందులు పెద్ద ప్రోటీన్లు కనుక వాటిని నోటి ద్వారా ఇవ్వలేము.

ఇక ఆమోదం కథ. ఆస్ట్రాజెనెకా సంస్థ తయారుచేసిన ఈ మందుకు ఇరెస్సా పేరుతో 2002 జులైలో అన్నిటికంటే ముందు జపాన్ ఆమోదం ఇచ్చింది. అప్పటికి ఈజీఎఫ్‌ఆర్ మార్పుల సంగతి ఎవరికీ తెలియదు. ఆ ప్రోటీన్ చాలా ఊపిరితిత్తుల కణితుల్లో ఎక్కువగా కనిపిస్తుంది కనుక అందరికీ పనిచేయవచ్చని అనుకున్నారు. కొందరు రోగుల ఊపిరితిత్తుల కణజాలంలో తీవ్రమైన వాపు వచ్చి మరణాలు సంభవించడంతో అదే ఏడాది అక్టోబరులో అక్కడ అత్యవసర హెచ్చరిక జారీ చేయవలసి వచ్చింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2003 మేలో వేగవంతమైన ఆమోదం ఇచ్చినప్పుడు దాని ముందున్న ప్రధాన సాక్ష్యం ఏమిటంటే, రెండు రకాల కీమో విఫలమైన 142 మందిలో సుమారు 10 శాతం మందికి కణితి తగ్గడం. కీమోతో కలిపి రెండు వేల మందికి పైగా రోగులలో జరిపిన రెండు పెద్ద పరీక్షలలో అదనపు ప్రయోజనమేదీ కనిపించలేదని అప్పటికే తెలుసు. అయినా ఆ పది శాతంలో కొందరికి వచ్చిన మార్పు అసాధారణమైనది; మంచం పట్టినవారు లేచి తిరిగారు. దాన్ని కాదనలేక, అందరికీ వర్తింపజేయలేక వైద్యలోకం కొంతకాలం సతమతమైంది.

2004 ఏప్రిల్‌లో ముడి విడింది. బోస్టన్‌లోని రెండు పరిశోధక బృందాలు, ఒకటి మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిది, మరొకటి డానా ఫార్బర్ సంస్థది, దాదాపు ఒకే సమయంలో ఈజీఎఫ్‌ఆర్ జన్యువులో మార్పులను ప్రకటించాయి. మొదటి బృందం మందుకు బాగా స్పందించిన 9 మంది కణితులను పరీక్షిస్తే 8 మందిలో ఆ మార్పు కనిపించింది; స్పందించని 7 మందిలో ఒక్కరిలోనూ లేదు. నమూనా చాలా చిన్నదే, కానీ తేడా అంత స్పష్టంగా ఉన్నది. ఈ సమాచారం బయటపడిన ఏడాదే, మార్పుతో నిమిత్తం లేకుండా 1692 మందిని చేర్చుకొని జరిపిన ఐసెల్ పరీక్ష ఫలితం కూడా వచ్చింది. అందులో గెఫిటినిబ్ వాడినవారి మధ్యస్థ జీవితకాలం 5.6 నెలలు, ఉత్తుత్తి (మందు లేని) మాత్ర వాడినవారిది 5.1 నెలలు, గణాంకాల ప్రకారం ఆ తేడాకు విలువ లేదు. దాంతో 2005 జూన్‌లో ఎఫ్‌డీఏ, అప్పటికే వాడుతూ మేలు పొందుతున్నవారికి మాత్రమే మందు ఇవ్వాలని పరిమితి విధించింది. మీరు చదివిన వెనకడుగు ఇదే. 2015 జులైలో మళ్లీ ఆమోదం ఇచ్చినప్పుడు అది ఈజీఎఫ్‌ఆర్ మార్పు ఉన్నట్టు పరీక్షలో తేలిన రోగులకు, మొదటి చికిత్సగా, పరీక్ష కిట్‌తో ముడిపెట్టి ఇచ్చిన ఆమోదం.

ఈ పన్నెండేళ్లలో అణువులో ఒక్క పరమాణువు కూడా మారలేదన్నది గమనించండి. మారింది అది ఎవరికి ఇవ్వాలన్న జ్ఞానం. అందుచేత మీ వైద్యురాలు పంపిన పరీక్షను చికిత్సకు ముందు జరిగే ఆలస్యంగా చూడవద్దని, మందులో భాగంగానే చూడమని నా మనవి.

జవాబు: మల్కాజిగిరి నివాసి

మా మేనత్తగారికి కొన్నేళ్ల క్రితం ఇదే జబ్బు వచ్చినప్పుడు పరీక్ష చేయకుండానే వైద్యులు మాత్ర ఇచ్చారు, ఆవిడ చాలాకాలం ఆరోగ్యంగా ఉన్నారు. పొగ తాగని ఆడవారికి ఇది పనిచేస్తుందని అప్పట్లో వైద్యులే చెప్పేవారు. ముక్క సరిపోలేదని, మళ్లీ తీయాలని ల్యాబ్‌లు అనడం, ఈలోపు రోగి నీరసించిపోవడం కూడా చూశాను. రోగికి శక్తి ఉన్నప్పుడే ఒక నెల మాత్ర వాడి చూస్తే నష్టమేమిటో నాకు అర్థం కాలేదు. తప్పుగా అనుకోవద్దు, ఆలస్యం వల్ల జరిగే హాని గురించి ఎవరూ మాట్లాడరన్న బాధతో రాస్తున్నాను.

జవాబు: మెడికల్ ఆంకాలజీ వైద్యుడు, హైదరాబాద్

మల్కాజిగిరి నివాసి గారి ఆవేదన న్యాయమైనదే, మీ మేనత్తగారి అనుభవం కూడా నిజమైనదే. పొగ తాగనివారు, స్త్రీలు, అడినోకార్సినోమా ఉన్నవారు, తూర్పు ఆసియావారు ఎక్కువగా స్పందిస్తారన్నది 2004కు ముందే వైద్యులు గమనించిన విషయం. అయితే అటువంటి లక్షణాలను బట్టి ఊహించి మందు ఇస్తే ఏమవుతుందన్నది తేల్చడానికే ఐపాస్ అనే క్లినికల్ పరీక్ష జరిగింది, దాని ఫలితం 2009లో వచ్చింది. తూర్పు ఆసియాలో, అసలు పొగ తాగని లేదా చాలా తక్కువ తాగిన, అడినోకార్సినోమా ఉన్న 1217 మందిని రెండు జట్లుగా విభజించి ఒక జట్టుకు గెఫిటినిబ్, మరొక జట్టుకు కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ కీమో ఇచ్చారు. అంటే మీరు చెప్పిన లక్షణాలు ఉన్నవారినే ఏరి చేర్చుకున్నారు.

కణితి నమూనా దొరికి పరీక్షించగలిగిన 437 మందిలో 261 మందికి, అంటే 60 శాతం మందికి, ఈజీఎఫ్‌ఆర్ మార్పు ఉన్నది. వారిలో గెఫిటినిబ్‌తో 71.2 శాతం మందికి కణితి తగ్గింది, కీమోతో 47.3 శాతం మందికి తగ్గింది. మార్పు లేని మిగతావారిలో మాత్రం గెఫిటినిబ్‌తో కణితి తగ్గినవారు 1.1 శాతం, కీమోతో తగ్గినవారు 23.5 శాతం. జబ్బు మళ్లీ పెరగడానికి పట్టిన మధ్యస్థ కాలం మార్పు లేనివారిలో మాత్రతో 1.5 నెలలు, కీమోతో 5.5 నెలలు. ఇంత జాగ్రత్తగా ఏరినవారిలోనే పదిమందికి నలుగురి చొప్పున ఊహ తప్పింది. మన దేశంలో మొత్తం రోగులను చూస్తే ఈజీఎఫ్‌ఆర్ మార్పు దాదాపు నాలుగింట ఒకరికి ఉంటుంది. పొగ తాగని మహిళలలో ఇంకా ఎక్కువే ఉండవచ్చు, అయినా అది నిశ్చయం కాదు. ఒక నెల మాత్ర వాడి చూస్తే నష్టమేమిటన్న ప్రశ్నకు ఆ 1.5 నెలల అంకె సమాధానం చెబుతుంది. మార్పు లేని మనిషికి ఆ నెలలోనే కీమో తట్టుకునే శక్తి పోవచ్చు.

ఆలస్యం గురించి కూడా సూటిగా చెప్పాలి. రోగి ఆయాసంతో విలవిలలాడుతుంటే ఫలితం కోసం చూస్తూ కూర్చోము. కీమో ఒక విడత ఇచ్చి, ఫలితం వచ్చాక మాత్రకు మారుస్తాము. మీ అమ్మగారు నడుస్తున్నారు, తింటున్నారు కనుక ఆగగలిగిన స్థితిలోనే ఉన్నారు. ముక్క సరిపోకపోతే ఊపిరితిత్తి చుట్టూ తీసిన నీటిలోని కణాల నుంచి కూడా పరీక్ష చేయవచ్చు. ఆ నీటిని పారవేయకుండా సెల్ బ్లాక్ (అందులోని కణాలను మైనపు దిమ్మలో భద్రపరచడం) చేశారేమో అడగండి. రక్తంలో తిరిగే కణితి డీఎన్‌ఏను పరీక్షించే పద్ధతి కూడా ఉంది, అటువంటి రక్తపరీక్షకు ఎఫ్‌డీఏ 2016లోనే ఆమోదం ఇచ్చింది. అందులో మార్పు కనిపిస్తే నమ్మవచ్చు, కనిపించకపోతే మాత్రం లేదని తీర్మానించలేము.

మరొక జాగ్రత్త. ఈలోపు ఎవరైనా ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని కణితి మీదకు ఉసిగొల్పే) ఇంజెక్షన్ వేయించమంటే, ఫలితం రాకముందు ఒప్పుకోకండి. అది ఎక్కించిన కొద్దికాలానికే ఈజీఎఫ్‌ఆర్ మార్పుకు ఇచ్చే ఓసిమెర్టినిబ్ అనే మరో మాత్ర మొదలుపెట్టవలసి వస్తే ఊపిరితిత్తుల్లో తీవ్రమైన వాపు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఈజీఎఫ్‌ఆర్ మార్పు లేదని తేలినా నిరాశ పడవద్దు. 2007లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్న ఏఎల్‌కే జన్యు కలయికకు 2011లోనే క్రిజోటినిబ్ అనే మందు వచ్చింది, ఇప్పుడు అంతకంటే మెరుగైన మాత్రలున్నాయి.

జవాబు: జీడిమెట్ల, మందుల అనుమతుల విభాగంలో పనిచేసేవాడు

తాత్కాలిక సాక్ష్యంతో వచ్చిన ఆమోదాన్ని నమ్మవచ్చా అన్న ప్రశ్నకు నా వృత్తి అనుభవంతో సమాధానం ఇస్తాను. ఎఫ్‌డీఏలో వేగవంతమైన ఆమోదం అనే మార్గం 1992లో, ఎయిడ్స్ రోగులు మందుల కోసం పోరాడుతున్న రోజుల్లో ఏర్పడింది. ప్రాణాంతక జబ్బుకు వేరే దారి లేనప్పుడు, రోగి ఎక్కువకాలం జీవించాడని నిరూపించే దాకా ఆగకుండా, కణితి తగ్గడం వంటి ముందస్తు సూచనను ఆధారం చేసుకొని అనుమతి ఇస్తారు. దానికి బదులుగా కంపెనీ తర్వాత పెద్ద పరీక్ష జరిపి ప్రయోజనాన్ని నిర్ధారించాలి. నిర్ధారణ కాకపోతే అనుమతి పోతుంది. 2005లో గెఫిటినిబ్ విషయంలో జరిగింది వ్యవస్థ వైఫల్యం కాదని నా అభిప్రాయం. ఆ నిబంధన ఉన్నది అందుకోసమే.

అదే దారిలో వచ్చి నిలబడిన మందు ఓసిమెర్టినిబ్. గెఫిటినిబ్, అదే కోవకు చెందిన ఎర్లోటినిబ్ వాడినవారిలో సగానికి పైగా రోగులకు కొంతకాలం తర్వాత టీ790ఎం అనే కొత్త మార్పు వచ్చి మందు పనిచేయడం మానేస్తుంది. ఆ మార్పు ఉన్నా ఈజీఎఫ్‌ఆర్‌ను పట్టుకొని, అక్కడి సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో విడిపోని బంధం ఏర్పరచుకొని, సాధారణ ఈజీఎఫ్‌ఆర్‌ను చాలావరకు వదిలేసేలా ఈ అణువును రూపొందించారు. మొదటి రోగికి మొదటి మోతాదు ఇచ్చింది 2013 మార్చిలో. ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చింది 2015 నవంబరు 13న. మందుల ప్రపంచంలో ఇంత తక్కువ వ్యవధి చాలా అరుదు. పోల్చడానికి మరొక జట్టు లేకుండా 411 మందిలో జరిపిన రెండు పరీక్షలలో 59 శాతం మందికి కణితి తగ్గడమే ఆ ఆమోదానికి ఆధారం. తర్వాత 419 మందిలో కీమోతో నేరుగా పోల్చి చూసినప్పుడు జబ్బు అదుపులో ఉన్న మధ్యస్థ కాలం 10.1 నెలలు, కీమోతో 4.4 నెలలు అని తేలింది, 2017 మార్చిలో పూర్తి ఆమోదం వచ్చింది. రెండు మందులూ ఒకే నిబంధన కింద, ఒకే రకమైన సాక్ష్యంతో లోపలికి వచ్చాయి. రెండోది మొదటి రోజు నుంచీ టీ790ఎం ఉన్నవారికే ఉద్దేశించినది కావడమే తేడా.

మన దేశంలో కొత్త మందుకు అనుమతి ఇచ్చేది ఢిల్లీలోని కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ, 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ పరీక్షల నిబంధనల ప్రకారం. సాధారణంగా భారతీయ రోగులలో కొంత పరీక్ష కోరతారు. అమెరికా, బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా, కెనడా, యూరోపియన్ యూనియన్‌లలో ఆమోదం పొందిన కొన్ని తరగతుల మందులకు ఆ షరతు నుంచి మినహాయింపు ఇస్తూ 2024 ఆగస్టులో ఉత్తర్వు వచ్చింది.

జనరిక్ మాత్ర గురించి మీరు అడగలేదు కానీ, రేపు షాపులో ఆ సందేహం తప్పకుండా వస్తుంది. జనరిక్ తయారీదారు వేలమంది రోగులలో మళ్లీ పరీక్ష చేయనక్కరలేదు. రక్తంలో మందు చేరే మొత్తం, గరిష్ఠ స్థాయి రెండూ అసలు మందుతో పోల్చినప్పుడు 80 నుంచి 125 శాతం హద్దుల్లో పడుతున్నాయని చూపాలి. ఈ విషయంలో మన నగరానికి చెప్పుకోదగ్గ పాత్ర ఉంది. గెఫిటినిబ్ పేటెంటు దరఖాస్తును హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా వ్యతిరేకించగా పేటెంటు కార్యాలయం 2007లో దాన్ని తిరస్కరించింది, 2012లో అప్పీలు కూడా వీగిపోయింది. ఎర్లోటినిబ్ విషయంలో 2008లో సిప్లా జనరిక్ తెచ్చినప్పుడు రోష్ కంపెనీ మాత్ర ధర 4,800 రూపాయలు, సిప్లాది 1,600 రూపాయలు. విచారణ ముగియకముందే అమ్మకాన్ని ఆపమని రోష్ కోరితే, ప్రజాప్రయోజనాన్ని కూడా లెక్కలోకి తీసుకొని ఢిల్లీ హైకోర్టు నిరాకరించింది. ఇవాళ మధ్యతరగతి కుటుంబం ఈ మాత్రల గురించి ఆలోచించగలుగుతున్నదంటే ఆ పోరాటాలు కారణం.

జవాబు: క్లినికల్ ఫార్మసిస్టు, సికింద్రాబాద్

ప్రశ్నలోని చివరి సందేహం మీద ఎవరూ ఆగలేదు, నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించింది అదే. క్షయ మందులలో రిఫాంపిసిన్ ఉంటుంది. మూత్రం నారింజ రంగులోకి మారేది దానివల్లనే. కాలేయంలో మందులను విచ్ఛిన్నం చేసే సీవైపీ3ఏ4 అనే ఎంజైమును అది విపరీతంగా పెంచుతుంది. దానితో కలిపి ఇస్తే రక్తంలో చేరే గెఫిటినిబ్ మొత్తం 83 శాతం, ఓసిమెర్టినిబ్ మొత్తం 78 శాతం తగ్గిపోతుందని కొలిచి నిర్ధారించారు. సరైన జన్యు మార్పు ఉండి, సరైన మాత్ర ఇచ్చినా, మందులో ఐదోవంతు మాత్రమే పనికివచ్చి, మందే పనిచేయలేదని అనుకునే ప్రమాదం ఉంది. రిఫాంపిసిన్ ఆపిన తర్వాత కూడా దాని ప్రభావం వెంటనే పోదు, సుమారు రెండు వారాలు పడుతుంది. అంటే ఫలితం కోసం ఎదురుచూస్తున్న ఈ రోజులే ఆ నిర్ణయానికి తగిన సమయం.

దయచేసి మీ అంతట మీరు ఆపవద్దు. మీ వైద్యురాలికి క్షయ మందుల చీటీ, కఫం రిపోర్టు, బయాప్సీ రిపోర్టు మూడూ చూపించి, క్షయకు నిర్ధారణ ఉన్నదా లేదా అని ఛాతీ వైద్యునితో కలిసి తేల్చమని అడగండి. మన దేశంలో ఎక్స్‌రే మచ్చను చూసి ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను క్షయగా భావించి నెలల తరబడి మందులు వాడించడం తరచుగా జరుగుతున్నది. అలాగని రెండు వ్యాధులూ కలిసి ఉండవని కూడా చెప్పలేము. నిజంగా క్షయ ఉంటే మందుల కలయికనో, మోతాదునో మార్చే మార్గాలున్నాయి. రెండు రకాల మందులూ కాలేయం మీద భారం వేస్తాయి కనుక లివర్ పరీక్ష కూడా చేయించాలి.

గ్యాస్ బిళ్లల సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే మన ఇళ్లలో వాటిని మందుగానే లెక్కించరు. కడుపులో ఆమ్లం తగ్గితే గెఫిటినిబ్, ఎర్లోటినిబ్ సరిగా కరగవు. ఒమెప్రజోల్‌తో కలిపి వాడితే ఎర్లోటినిబ్ దాదాపు సగానికి తగ్గుతుంది. ఓసిమెర్టినిబ్‌కు ఈ ఇబ్బంది లేదు. ఎర్లోటినిబ్ పరగడుపున వేసుకోవాలి, మిగతా రెండూ భోజనంతో సంబంధం లేకుండా వేసుకోవచ్చు. ముఖం మీద పొక్కులు, విరేచనాలు, గోళ్ల చుట్టూ వాపు ఈ మాత్రలతో సాధారణంగా వచ్చేవి, వాటికి చికిత్స ఉంది. కొత్తగా ఆయాసం గానీ పొడి దగ్గు గానీ వస్తే మాత్రం మరుసటి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్నించినవారి తిరుగు జవాబు: దిల్‌సుఖ్‌నగర్ అధ్యాపకుడు

మీ అందరికీ కృతజ్ఞుడిని. ఫార్మసిస్టు గారు చెప్పినట్టు కాగితాలన్నీ తీసుకెళ్లి చూపించాము. ఛాతీ వైద్యులు పరిశీలించి క్షయకు ఆధారం లేదని చెప్పి ఆ మందులు ఆపించారు. ఇవాళ జన్యు పరీక్ష ఫలితం కూడా వచ్చింది: ఈజీఎఫ్‌ఆర్ ఎక్సాన్ 19లో (ఆ జన్యువులోని ఒక భాగంలో) తొలగింపు ఉన్నదని రాశారు. ఇది మందుకు స్పందించే రకమేనని వైద్యురాలు చెప్పారు. ఓసిమెర్టినిబ్ ఒక మార్గమని, గెఫిటినిబ్‌తో పాటు కీమో ఇవ్వడం మరొక మార్గమని వివరించి, కుటుంబంతో మాట్లాడి రమ్మన్నారు. ఖర్చు మాకు పెద్ద సమస్యే. చవకైన దారిని ఎంచుకుంటే అమ్మకు అన్యాయం చేసినట్టవుతుందా అన్నది నా మనసును తొలుస్తున్న ప్రశ్న.

జవాబు: మెడికల్ ఆంకాలజీ వైద్యుడు, హైదరాబాద్

ఎక్సాన్ 19 తొలగింపు, ఎక్సాన్ 21లో ఎల్858ఆర్ అనే ఒక్క అక్షరం మార్పు, ఈ రెండూ కలిపి ఈజీఎఫ్‌ఆర్ మార్పులలో సింహభాగం. ఈ మాత్రలు బాగా పనిచేసేది వీటి మీదే.

556 మందిలో జరిగిన ఫ్లారా పరీక్షలో ఓసిమెర్టినిబ్ వాడినవారికి జబ్బు అదుపులో ఉన్న మధ్యస్థ కాలం 18.9 నెలలు, గెఫిటినిబ్ లేదా ఎర్లోటినిబ్ వాడినవారికి 10.2 నెలలు. మధ్యస్థ జీవితకాలం 38.6 నెలలు, 31.8 నెలలు. ఇది మెదడులోకి కూడా మెరుగ్గా చేరుతుంది, కనుక మెదడుకు ఎంఆర్‌ఐ తీసి ఉండకపోతే ముందు తీయించండి; అక్కడ మచ్చలుంటే నా మొగ్గు స్పష్టంగా ఓసిమెర్టినిబ్ వైపే ఉంటుంది.

రెండో మార్గం మన దేశంలోనే పరీక్షించినది. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 350 మందిలో గెఫిటినిబ్ ఒక్కదాన్ని, గెఫిటినిబ్‌తో పాటు పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ కీమోను పోల్చి 2020లో ఫలితాలు ప్రచురించింది. జబ్బు అదుపులో ఉన్న మధ్యస్థ కాలం మాత్ర ఒక్కదానితో 8 నెలలు, కీమో కలిపితే 16 నెలలు. తీవ్రమైన దుష్ప్రభావాలు మాత్రం 25 శాతం నుంచి 51 శాతానికి పెరిగాయి. వేర్వేరు పరీక్షల అంకెలను పక్కపక్కన పెట్టి ఇది ఎక్కువ, అది తక్కువ అని తీర్పు చెప్పడం సరికాదు కానీ, ఇది చేతకాక ఎంచుకునే నాసిరకం దారి కాదని మీరు నిశ్చింతగా ఉండవచ్చు. అమ్మగారు కీమోను తట్టుకోగలరా, మూడు వారాలకొకసారి ఆసుపత్రికి రాగలరా, రోజుకు ఒక మాత్రతో ఇంట్లో ఉండడానికి ఆవిడ ఎంత విలువ ఇస్తారు అన్నవి ఇక్కడ అసలైన ప్రశ్నలు. ఆవిడనే అడగండి. మన కుటుంబాలలో రోగిని తప్ప అందరినీ అడుగుతాము.

జవాబు: రోగి కుమార్తె, మెహదీపట్నం

మా నాన్నగారికి ఇదే మార్పు ఉన్నందున ఖర్చు విషయంలో తెలిసినది చెబుతాను. గెఫిటినిబ్ 2022 నాటి జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది, అందువల్ల దానికి ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. అయినా ఒక్కో కంపెనీ స్ట్రిప్ మీద ఎంఆర్‌పీకి, అసలు అమ్మే ధరకు చాలా తేడా ఉంటుంది, కనుక ఒకే షాపులో తీసుకోకుండా విచారించండి. ఓసిమెర్టినిబ్ ఖరీదు ఎక్కువే. 2024 జులై కేంద్ర బడ్జెట్‌లో దిగుమతి సుంకం తొలగించిన మూడు క్యాన్సర్ మందులలో ఇది ఒకటి. తయారీ కంపెనీల తరఫున రోగులకు సహాయ పథకాలు ఉంటాయి, వాటిలో మీ వైద్యురాలి సంతకంతోనే నమోదు చేస్తారు, కాబట్టి మొదటి స్ట్రిప్ కొనకముందే అడగండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే పరిమితి 2023 డిసెంబరు నుంచి పది లక్షలు. మీ చికిత్సలో ఏది దాని కిందకు వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చెప్పగలరు. కీమో భాగాన్ని రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో చేయించుకునే అవకాశం గురించి కూడా విచారించవచ్చు.

జవాబు: తార్నాక, విశ్రాంత ఔషధ రసాయన శాస్త్రవేత్త

ఫలితం చూసి మనసు కుదుటపడింది. రాబోయే కాలానికి ఉపయోగపడే ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. ఏ మాత్ర వాడినా కణితి ఏదో ఒకనాడు దారి మార్చుకునే అవకాశం ఉంది. గెఫిటినిబ్ తర్వాత టీ790ఎం వస్తే ఓసిమెర్టినిబ్ ఉంది. ఓసిమెర్టినిబ్ తర్వాత కొందరిలో ఆ మందు బంధం ఏర్పరచుకునే సిస్టీనే మారిపోతుంది, మరికొందరిలో మెట్ అనే వేరే జన్యువు ప్రతులు పెరుగుతాయి. వీటికి కొత్త అణువుల మీద పని జరుగుతూనే ఉంది. అందుచేత ఇప్పటి బయాప్సీ మైనపు బ్లాకును, జన్యు పరీక్ష పూర్తి రిపోర్టును ఆసుపత్రి నుంచి అడిగి తీసుకొని ఇంట్లో భద్రపరచండి. స్కాన్‌లో మళ్లీ పెరుగుదల కనిపించిన రోజున పాత ఫలితాన్నే నమ్ముకోకుండా కొత్త ముక్కనో, రక్తాన్నో పరీక్షకు పంపమని మీరే అడగండి. పోల్చి చూడడానికి ఆ పాత బ్లాకు కావలసి వస్తుంది.